పాత సెట్టుకిచ్చిన మాట



1967 ఆగస్టు 25. పశ్చిమ బెర్లిన్‌లో రేడియోలు, టీవీల ప్రదర్శన జరుగుతోంది. వేదిక మీద పశ్చిమ జర్మనీ వైస్ చాన్సలర్ విల్లీ బ్రాంట్. ఆయన ముందు ఒక పెద్ద ఎర్ర బటన్. దాన్ని ఆయన నొక్కగానే దేశంలో రంగుల టీవీ మొదలవుతుందని అందరికీ ముందే చెప్పారు. బ్రాంట్ చెయ్యి చాచారు. ఆ బటన్ ఇంకా పూర్తిగా కిందికి దిగకముందే తెర మీద రంగులు వచ్చేశాయి. ఎందుకంటే అది ఉత్తుత్తి బటన్. అసలు మీట తెర వెనక ఉంది. దాని దగ్గరున్న టెక్నీషియన్ ఒక్క క్షణం తొందరపడ్డాడు, అంతే.

ఆ ఏడాది యూరప్‌లో రంగుల హడావిడి చాలానే జరిగింది. జులై 1న బీబీసీ రెండో ఛానల్ వింబుల్డన్ టెన్నిస్‌తో రంగుల్లోకి వచ్చింది. అక్టోబరు 1న పారిస్ వచ్చింది, మాస్కో కూడా వచ్చింది. అయితే లండన్, బెర్లిన్ పట్టిన దారి వేరు, పారిస్, మాస్కోలు పట్టిన దారి వేరు. ఒకరి రంగులు ఒకరి సెట్లో కనిపించవు. వీళ్ళందరికంటే పదమూడేళ్ళ ముందే మొదలెట్టిన అమెరికాది మూడో దారి. ఎన్‌టీఎస్‌సీ, పాల్, సెకామ్. వీసీఆర్‌ల కాలం చూసినవాళ్ళకు ఈ మూడు పేర్లూ చెవిన పడే ఉంటాయి. సెట్టు వెనక స్టిక్కర్ మీదో, రిమోట్‌లో ఎవరూ నొక్కని ఒక బటన్ కిందో ఉండేవి.

ఒకే రంగును పంపడానికి మూడు పద్ధతులెందుకు అని అడిగితే, దేశాల పంతాలు, పేటెంట్ల పోట్లాటలు అని జవాబు చెప్తారు. అది నిజమే, ఆ కథ కూడా చెప్తాను. కానీ దానికంటే ముందు ఇంకో సంగతుంది. ఈ మూడు పద్ధతులూ ఒకే షరతుకు తలొగ్గాయి. ఇంట్లో ఉన్న నలుపు తెలుపు సెట్టు పనికిరాకుండా పోకూడదు. రంగుల ప్రసారం మొదలైన రోజున కూడా అందులో ఎప్పటిలాగే బొమ్మ రావాలి. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇంజనీర్లు ఎన్ని మెలికలు తిరిగారో, ఏమేం వదులుకున్నారో, అదే నా లెక్కలో కలర్ టీవీ చరిత్ర.

రంగుల కంటే ముందు గీతల సంగతి చూద్దాం. పిక్చర్ ట్యూబు టీవీలో బొమ్మ ఒక్కసారిగా పడదు. ట్యూబు వెనక నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల పుంజం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీస్తుంది, వెనక్కొచ్చి ఇంకో గీత గీస్తుంది. ముందు బేసి గీతలు, తర్వాత వాటి మధ్యలో సరి గీతలు. అంటే ఒక్కో బొమ్మా రెండు సగాలుగా వస్తుంది. అమెరికా 1941లో 525 గీతలు, సెకనుకు 60 సగాలు అని ఖరారు చేసుకుంది. యూరప్‌లో ఎక్కువ దేశాలు యుద్ధం తర్వాత 625 గీతలు, సెకనుకు 50 సగాలు అనుకున్నాయి. ఈ 60, 50 ఎక్కణ్ణుంచి వచ్చాయంటే గోడకున్న ప్లగ్గులోంచి. అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు అటూఇటూ ఊగుతుంది, యూరప్‌ది, మనదీ 50 సార్లు. బొమ్మ వేగం కరెంటు వేగంతో కలవకపోతే, ఆనాటి సెట్లలో తెర మీద ఒక మసక పట్టీ పైకీ కిందికీ పాకుతూ ఉండేది. కాబట్టి టీవీ ప్రపంచం రెండుగా చీలింది రంగుల వల్ల కాదు, అంతకు ఎంతో ముందే, కరెంటు కంపెనీల వల్ల.

బ్రిటన్ మాత్రం 1936లో మొదలెట్టిన 405 గీతల ప్రసారాన్ని 1985 దాకా లాక్కొచ్చింది. ఫ్రాన్స్ ఏకంగా 819 గీతలు పెట్టుకుంది. రంగుల ప్రసారాలకు మాత్రం ఇద్దరూ 625కే వచ్చారనుకోండి.

ఇక అమెరికా. 1950లో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఒక రంగుల పద్ధతికి అనుమతిచ్చింది. అది సీబీఎస్ కంపెనీ ఇంజనీరు పీటర్ గోల్డ్‌మార్క్ తయారుచేసింది. అందులో కెమెరా ముందు ఎరుపు, నీలం, ఆకుపచ్చ గాజుల చక్రం తిరుగుతుంది. ఇంట్లో టీవీ ముందు కూడా అలాంటి చక్రమే, దానితో సరిగ్గా అడుగు కలిపి తిరుగుతుంది. కన్ను మూడు రంగుల్నీ కలిపేసుకుంటుంది. రంగులు చాలా బాగుండేవి. కానీ చక్రం తెర కంటే రెట్టింపు పెద్దదిగా ఉండాలి. పెద్ద తెర కావాలంటే గదిలో ఎడ్లబండి చక్రమంత గాజు పళ్ళెం తిప్పుకోవాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఈ పద్ధతిలో గీతల లెక్క, వేగం లెక్క రెండూ వేరు. అప్పటికే జనం కొనుక్కున్న దాదాపు కోటి సెట్లలో ఈ ప్రసారం బొత్తిగా రాదు, రంగుల్లోనే కాదు, నలుపు తెలుపుల్లో కూడా.

ఎదుటి పక్షం ఆర్‌సీఏ. ఆ కంపెనీ అధిపతి డేవిడ్ సార్నాఫ్. ఆయన కోర్టుకెక్కారు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1951 మేలో ఓడిపోయారు కూడా. జూన్ 25న సీబీఎస్ రంగుల ప్రసారం మొదలెట్టింది. చూసే సెట్లున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. అక్టోబరుకల్లా అది ఆగిపోయింది. కొరియా యుద్ధం, సరుకుల కొరత అని కారణం చెప్పారు. నాకు మాత్రం ఆ కారణం సీబీఎస్‌కు కూడా ఊరటగానే ఉండి ఉంటుందనిపిస్తుంది. ఈలోపు సార్నాఫ్ ఓడిన కేసు వదిలేసి, ల్యాబులో మనుషుల్ని పగలూ రాత్రీ పనిచేయించారు.

ఆ వదిలేసిన చక్రం ఏమైందంటే, చంద్రుడి దగ్గరికి వెళ్ళింది. అపోలో 10 నుంచి వ్యోమగాములు వాడిన చిన్న కలర్ కెమెరాల్లో తిరిగింది అదే ఉపాయం. అక్కడ పాత సెట్ల బెడద లేదు. వచ్చిన సిగ్నల్‌ను భూమ్మీద మార్చుకుని జనానికి చూపించేవారు. అపోలో 12లో అలాన్ బీన్ ఆ కెమెరాను పొరపాటున సూర్యుడి వైపు తిప్పితే అది పాడైపోయింది, చంద్రుడి మీద వాళ్ళ మిగతా నడక చూడటానికి జనానికి బొమ్మే లేకుండా పోయింది.

సరే, 1953 డిసెంబరు 17న అమెరికా ఒప్పుకున్న రెండో పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. దాని వెనకున్నది ఒక్క కంపెనీ కాదు, పరిశ్రమ మొత్తం కూర్చున్న కమిటీ. దానికి మూలమైన ఆలోచన 1938లోనే జార్జ్ వలెన్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు పేటెంటు చేసింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బొమ్మలు పంపొద్దు. వెలుగెంత అన్నది ఒక బొమ్మగా పంపు, రంగేమిటి అన్నది పక్కన విడిగా పంపు. వెలుగు బొమ్మంటే అచ్చంగా పాత నలుపు తెలుపు బొమ్మే. పాత సెట్టు దాన్ని తీసుకుని రంగు జోలికి పోదు. కొత్త సెట్టు రెండూ తీసుకుని కలుపుకుంటుంది.

ఆ వెలుగు బొమ్మ తయారుచేసే పాళ్ళు చూడండి. వందలో ఆకుపచ్చకు 59, ఎరుపుకు 30, నీలానికి 11. మన కంటికి ఆకుపచ్చే వెలుగుగా కనిపిస్తుంది, నీలం బాగా మసక. ఆ లెక్కే సిగ్నల్లో పెట్టారు. ఎర్రచీర, పచ్చచీర పక్కపక్కన నిలబడితే నలుపు తెలుపు సెట్లో ఏది తెల్లగా, ఏది ముదురుగా కనిపించాలో తేల్చేది ఈ మూడంకెలే.

మరి రంగును ఎక్కడ పెట్టాలి? ఛానల్ వెడల్పు పెంచడానికి వీల్లేదు. ఉన్న చోటంతా బొమ్మతో నిండిపోయి ఉంది. అయితే నిండినట్టు కనిపిస్తుందే గానీ నిండలేదు. బొమ్మ గీతలుగా పోతుంది కాబట్టి దాని శక్తంతా సమాన దూరాల్లో గుత్తులు గుత్తులుగా ఉంటుంది, దువ్వెన పళ్ళలాగా. పళ్ళ మధ్య సందులు ఖాళీ. రంగును ఇంకో దువ్వెనగా చేసి ఆ సందుల్లోకి దూర్చారు. అందుకు ఎంచుకున్న తరంగం సెకనుకు సుమారు 35 లక్షల 79 వేల సార్లు ఊగుతుంది. టీవీ మెకానిక్కులు 3.58 క్రిస్టల్ అనేది దీన్నే. పైగా కన్ను వెలుగులో సన్నటి అంచుల్ని పట్టినంతగా రంగులో పట్టలేదు. కాబట్టి రంగును మొరటుగా పంపినా సరిపోతుంది. పాత పెళ్ళి క్యాసెట్లలో పెళ్ళికూతురి ఎర్రచీర రంగు అంచు దాటి పక్కకు కారినట్టు ఉంటుందే, అదీ సంగతి. చీర బొమ్మ సన్నగా, దాని రంగు మొద్దుగా వస్తాయి. క్యాసెట్లో ఆ మొద్దుతనం ఇంకా పెరుగుతుంది.

ఇందులో ఒక చిన్న మోసం కూడా ఉంది. వార్తలు చదివేవాళ్ళు సన్న చారల చొక్కాగానీ, సన్న గళ్ళ చీరగానీ కట్టుకొస్తే, ఆ చారలు మరీ దగ్గరదగ్గరగా ఉండి సెట్టుకు రంగు తరంగంలాగే కనిపిస్తాయి. అంతే, లేని ఇంద్రధనస్సు ఆ చొక్కా మీద పారాడుతుంది. స్టూడియోలవాళ్ళు సన్న గళ్ళు వద్దనేవారు అందుకే.

ఇప్పుడు నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన మెలిక. రంగు తరంగం లోపలికి రాగానే అది శబ్దం మోసే తరంగంతో రాపాడి, తెర మీద చుక్కల అల్లిక కనిపిస్తుందని తేలింది. అది కనపడకుండా ఉండాలంటే శబ్దానికి, బొమ్మకు మధ్య ఉన్న సెకనుకు 45 లక్షల ఊపుల దూరం, గీతల వేగానికి సరిగ్గా పూర్ణ గుణిజం కావాలి. లెక్కలో వెయ్యిలో ఒక వంతు తేడా ఉంది. శబ్దాన్ని ఆ వెయ్యోవంతు జరిపితే పని అయిపోయేది. కానీ పాత సెట్లలో ఎక్కడైనా శబ్దం సరిగా రాకుండా పోతుందేమోనని భయపడ్డారు. శబ్దాన్ని కదపకుండా బొమ్మ వేగాన్నే వెయ్యోవంతు తగ్గించారు. సెకనుకు 60 సగాలు ఉండాల్సినవి 59.94 అయ్యాయి. 30 బొమ్మలు కాస్తా 29.97 అయ్యాయి. వెయ్యోవంతు ఎవరికి తెలుస్తుంది, తెర ముందు కూర్చున్నవాళ్ళకు తెలియలేదు. గడియారానికి తెలిసింది. బొమ్మలు లెక్కపెట్టి టైము చెప్పే యంత్రం గంట తిరిగేసరికి 108 బొమ్మలు, అంటే మూడున్నర సెకన్ల పైచిలుకు తేడా చూపిస్తుంది. అమెరికా ఎడిటింగ్ గదుల్లో ఈ తేడా సర్దడానికి ప్రతి పదో నిమిషం తప్ప మిగతా ప్రతి నిమిషానికీ రెండేసి అంకెలు దాటేసి లెక్కపెట్టే పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. ఇప్పటికీ ఉంది.

1954 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో గులాబీల ఊరేగింపును ఎన్‌బీసీ ఛానల్ రంగుల్లో చూపింది. ఆ ఏడాదే ఆర్‌సీఏ తన మొదటి కలర్ సెట్టును వెయ్యి డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ధర చూసి జనం దూరం జరిగారు. అక్కడ కలర్ టీవీ నిజంగా ఇళ్ళలోకి వెళ్ళడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

ఎన్‌టీఎస్‌సీలో లోపమేమిటంటే, ఏ రంగు అన్నది తరంగం ఏ కోణంలో ఊగుతోంది అన్న దాన్నిబట్టి తేలుతుంది. ప్రతి గీత మొదట్లో చిన్న ఆనవాలు పంపుతారు, కోణాన్ని దానితో పోల్చుకోవాలి. దారిలో కొండలు, మేడలు తగిలి, తీగల్లో నలిగి ఆ కోణం కొంచెం మారిందా, మనిషి ముఖం పచ్చబడుతుంది. ఛానల్ మారిస్తే ఊదాగా మారుతుంది. అందుకే అమెరికా సెట్లకు రంగు సర్దుకునే మర ఒకటి ఉండేది, చూసేవాళ్ళు నటీనటుల ముఖాలు చూసి దాన్ని తిప్పుకునేవారు. 'నెవర్ ట్వైస్ ద సేమ్ కలర్', అంటే ఒకే రంగు రెండోసారి రాదని, ఇంజనీర్లే దాని పేరు మీద పరాచికం ఆడేవారు. జపాన్ 1960లో అదే పద్ధతి తీసుకుని బాగానే నడుపుకుంది కాబట్టి, ఆ పరాచికంలో కొంత యూరప్ వాళ్ళ అసూయ కూడా కలిసిందని నా అనుమానం.

ఆ లోపానికి మందు యూరప్‌లో ఇద్దరు కనిపెట్టారు. మొదటి ఆయన పేరే ఆన్రీ ద ఫ్రాన్స్. ఫ్రాన్స్ రంగుల పద్ధతికి అంతకంటే తగిన పేరు దొరకదు. 1956లో ఆయన చెప్పిందేమిటంటే, రంగు సమాచారం రెండు భాగాలు కదా, రెంటినీ ఒకే గీతలో కుక్కి కోణాలతో ఎందుకు తంటాలు? ఒక గీతలో ఒక భాగం పంపు, మరుసటి గీతలో రెండోది పంపు. సెట్టు మొదటిదాన్ని గుర్తుపెట్టుకుని రెండోదానితో జతచేస్తుంది. పక్కపక్క గీతల్లో రంగు పెద్దగా మారదు కదా. ఇదే సెకామ్. కోణం ఊసే లేదు కాబట్టి ముఖం పచ్చబడే గొడవ లేదు.

రెండో ఆయన వాల్టర్ బ్రుఖ్, జర్మనీలోని హానోవర్‌లో టెలిఫుంకెన్ కంపెనీ ఇంజనీరు. ఆయన అమెరికా పద్ధతినే తీసుకుని, ఒక గీతలో కోణాన్ని మామూలుగా, మరుసటి గీతలో తిరగేసి పంపాడు. దారిలో తప్పు జరిగితే మొదటి గీతలో రంగు ఒక పక్కకు ఒరుగుతుంది, రెండో గీతలో అంతే అవతలి పక్కకు ఒరుగుతుంది. సెట్టు రెంటినీ కలిపి సగటు చేస్తే తప్పు తప్పుతో కొట్టుకుపోతుంది. రంగు కొంచెం వెలవెలబోతుందే గానీ మారదు. 1963 జనవరి 3న ఆయన దీన్ని యూరప్ ప్రసార సంస్థల నిపుణులకు చూపించాడు. ఇదే పాల్.

రెండు పద్ధతులకూ ఒక గీతను గుర్తుపెట్టుకునే సాధనం కావాలి. సెకనును పదిలక్షల వంతులు చేస్తే, ఒక గీత వయసు అందులో 64 వంతులు. ఈ రోజైతే ఏ చిప్పునైనా అడగొచ్చు, 1960ల్లో ఇంట్లో పెట్టుకునే సెట్లో జ్ఞాపకం ఎక్కడిది? గాజు ముక్కలో దొరికింది. చిన్న గాజు పలక. దాని అంచున ఒక స్ఫటికం ఉంటుంది, అది కరెంటు సిగ్నల్‌ను శబ్దంగా మారుస్తుంది. మనకు వినపడని శబ్దం. అది గాజులోపల గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ నడిచి, రెండో స్ఫటికం దగ్గరికి చేరి మళ్ళీ కరెంటవుతుంది. కరెంటు వేగం ముందు శబ్దం వేగం చాలా తక్కువ. ఆ నడకకు పట్టే సమయం సరిగ్గా ఒక గీతంత ఉండేలా గాజును కోస్తారు. మన ఇళ్ళలో వెలిగిన తొలినాటి కలర్ టీవీల సర్క్యూట్ బోర్డు మీద, అగ్గిపెట్టెకు అటూఇటూ ఉండే ఒక చదునైన ప్లాస్టిక్ డబ్బీలో ఈ గాజుండేది. రంగు తెర మీదికొచ్చే ముందు ఒక్క గీతసేపు శబ్దమై నడిచొచ్చేదన్నమాట. రేడియో మనిషిగా నాకది చెప్పుకోవడానికి గర్వంగా ఉంటుంది.

ఇక పంతాల సంగతి. 1965 మార్చిలో వియన్నాలో అంతర్జాతీయ రేడియో సంఘం సమావేశం, యూరప్ అంతటికీ ఒకే రంగుల పద్ధతి ఎంచుకోవాలని. సరిగ్గా దానికి ముందే ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ సెకామ్ మీద ఒప్పందం చేసుకున్నాయి. అది ఫ్రాన్స్ అధ్యక్షుడు దగోల్ కాలం. అమెరికాకు దూరం జరగడానికి ఫ్రాన్స్‌కు, పశ్చిమాన ఒక తోడు దొరకడానికి మాస్కోకు, ఇద్దరికీ పనికొచ్చిన ఒప్పందం. మరుసటి ఏడాది ఆస్లోలో మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ ఎవరి దారి వాళ్ళదే. తూర్పు యూరప్ దాదాపు అంతా సెకామ్‌కు పోయింది.

అందరికంటే వింత తూర్పు జర్మనీది. 1969 అక్టోబరు 3న బెర్లిన్ టీవీ టవర్ ప్రారంభంతోపాటు అక్కడ రంగులు సెకామ్‌లో వచ్చాయి. గోడకు అవతల పశ్చిమ జర్మనీ పాల్. తూర్పున చాలా ఇళ్ళలో యాంటెన్నాలు పడమటి వైపే తిరిగి ఉండేవి. ఇప్పుడు ఆ పడమటి బొమ్మలు వాళ్ళ కొత్త రంగుల సెట్లో నలుపు తెలుపుల్లో వచ్చేవి. బొమ్మ ఆగలేదు, మాట ఆగలేదు, రంగు మాత్రం సరిహద్దు దగ్గర దిగిపోయింది. పాత సెట్ల కోసం పెట్టిన షరతే ఇక్కడ తిరగబడి పనిచేసింది. రంగు అర్థం కాకపోయినా వెలుగు బొమ్మ అందరికీ అర్థమవుతుంది మరి. చేయి తిరిగినవాళ్ళు సెట్టు విప్పి పాల్ బోర్డు తగిలించుకునేవారు. తర్వాత తర్వాత ప్రభుత్వం కూడా రెండూ పట్టే సెట్లు అమ్మింది. ఇంకో తమాషా ఏమిటంటే, సెకామ్ సిగ్నళ్ళను స్టూడియోలో ఒకదాని మీద ఒకటి కలపడం కష్టం. అందుకని చాలాచోట్ల లోపల పనంతా పాల్‌లో చేసుకుని, ట్రాన్స్‌మిటర్‌కు పంపేముందు సెకామ్‌లోకి మార్చేవారు.

బ్రెజిల్ ఇంకో రకం. దాని కరెంటు 60, గీతలు 525, అమెరికాలాగే. రంగు మాత్రం పాల్ పెట్టుకుంది. అలా కలిపిన పద్ధతి మరో దేశంలో లేదు, కాబట్టి బయటి సెట్లు అక్కడ నేరుగా పనికొచ్చేవి కావు. దేశంలోని పరిశ్రమకు అదో కంచె అయింది. యూరప్‌లో టెలిఫుంకెన్ కూడా పేటెంట్లను కంచెగానే వాడి జపాన్ సెట్లను అదుపులో పెట్టింది. దానికి సోనీ తొలి రోజుల్లో ఒక పైయెత్తు వేసింది. తిరగేసిన గీతల్ని పక్కనపెట్టి, మామూలు గీతల్లోని రంగునే రెంటికీ వాడుకునే సెట్టు చేసింది. అంటే పాల్‌లో అసలు సుగుణాన్ని వాడుకోకుండానే పాల్ చూపించింది. ఆ సెట్లకు అమెరికా సెట్లలాగే రంగు సర్దే మర పెట్టాల్సొచ్చింది.

మన దేశానికి టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో వచ్చింది, 625 గీతలతో. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు నేరుగా ప్రసారాలు దిగాయి. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఊరికో సెట్టు, దాని పక్కన కోళ్ళ గూటికి కొట్టే వలతో చేసిన పది అడుగుల గొడుగు. ఆ సెట్లు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. ఇవన్నీ నలుపు తెలుపులే. 1982లో ఆసియా క్రీడలు తరుముకొచ్చాయి. ఆ ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ఇందిరాగాంధీ ప్రసంగం రంగుల్లో వచ్చింది. కలర్ సెట్ల దిగుమతి మీద పట్టు సడలించారు. పేద దేశానికి రంగులెందుకని పత్రికల్లో వాదాలు జరిగాయి.

మనం పాల్ తీసుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. కరెంటు 50, గీతలు 625, అప్పటికే దాని అనుభవం పదిహేనేళ్ళు. ఇక్కడ చెప్పుకోవాల్సింది ఆ రోజు నలుపు తెలుపు సెట్టు ముందు కూర్చున్నవాళ్ళ సంగతి. వాళ్ళే ఎక్కువ. వాళ్ళ సెట్లో ఏ మర తిప్పకుండా, ఏ ముక్కా మార్చకుండా ఎర్రకోట ఎప్పటిలా కనిపించింది. 1953లో అమెరికా కమిటీ తన జనానికిచ్చిన మాట, దాని ఫలం 1982లో నలుపు తెలుపు సెట్టున్న ప్రతి ఇంటికీ ముట్టింది. 90ల దాకా మన ఊళ్ళలో నలుపు తెలుపు సెట్లు హాయిగా బతికాయంటే కారణం అదే.

పాల్ వల్ల మనకు తెలియకుండా జరిగింది ఒకటుంది. సినిమా సెకనుకు 24 బొమ్మలు. మన టీవీ 25. ఆ తేడాను సర్దడానికి టీవీలో సినిమాను 25 వేగంతోనే తిప్పేసేవారు. రెండున్నర గంటల సినిమా టీవీలో ఆరు నిమిషాల ముందే అయిపోతుంది. అది పోనీ. వేగంతోపాటు శ్రుతి కూడా పెరుగుతుంది. దూరదర్శన్ సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరిలో విన్న పాట, అదే పాట గ్రామఫోన్ రికార్డులో విన్నదానికంటే స్వరస్థానంలో ముప్పాతిక వంతుకు కాస్త తక్కువగా పైకి ఉండేది. ఘంటసాల గొంతు కూడా దానికి మినహాయింపు కాదు. టీవీతోపాటు హార్మోనియం వాయించబోయినవాళ్ళు మాత్రం ఏదో కుదరట్లేదని మెట్లు వెతుక్కుని ఉంటారు. అమెరికాలో ఈ బాధ లేదు. అక్కడ కొన్ని బొమ్మల్ని రెండు సగాలుగా, కొన్నిటిని మూడు సగాలుగా చూపించి లెక్క సరిపెట్టేవారు. శ్రుతి నిలిచేది, బొమ్మ కొంచెం తూలేది. పాటల దేశానికి ఆ పద్ధతే మేలేమో అనిపిస్తుంది, కరెంటు ఒప్పుకోదు గానీ.

ఈ గొడవ తెలుగు ఇళ్ళలోకి నిజంగా వచ్చింది వీసీఆర్‌తో. ఇక్కడ పెళ్ళి చేసి క్యాసెట్ అమెరికాకు పంపిస్తే అక్కడ ఆడదు. క్యాసెట్ ఆకారం ఒకటే, టేపు ఒకటే, వీసీఆర్‌లో చక్కగా దూరుతుంది. తెర మీద మాత్రం బొమ్మ దొర్లుతుంది, రంగు రాదు. కన్వర్షన్ చేయించాలి, దానికి అక్కడ డాలర్లు. అందుకే అమెరికా వెళ్ళేవాళ్ళు కొందరు మల్టీ సిస్టమ్ వీసీఆర్ కొనుక్కునేవారు. గల్ఫ్‌లో దుబాయ్, కువైట్ పాల్ కాబట్టి అక్కణ్ణుంచి మోసుకొచ్చిన టీవీ ఇక్కడ పనిచేసింది. సౌదీలో సెకామ్, అయినా అక్కడి బజారులో మూడు పద్ధతులూ పట్టే సెట్లే అమ్మేవారు కాబట్టి ఇబ్బంది రాలేదు. అమెరికా నుంచి తెచ్చిన ఖాళీ క్యాసెట్టుది ఇంకో ముచ్చట. పైన 120 నిమిషాలని రాసి ఉంటుంది. మన వీసీఆర్‌లో టేపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి అందులో దాదాపు మూడు గంటలు పట్టేది. తెలుగు సినిమా మొత్తం అందులో దిగేదని వీడియో లైబ్రరీలవాళ్ళకు ఆ క్యాసెట్లంటే మోజు.

ప్రసారాలు దాదాపు అన్నీ ఇప్పుడు డిజిటల్. అమెరికా పెద్ద స్టేషన్లు 2009 జూన్ 12న పాత పద్ధతి ఆపేశాయి. ఫ్రాన్స్ 2011లో, బ్రిటన్ 2012లో ఆపాయి. అమెరికా 3.58, మన పాల్ 4.43 క్రిస్టళ్ళు పాత సామాను దుకాణాల్లో తేలాయి. ఉన్నదల్లా క్యాసెట్లు. మీ బీరువాలో పెళ్ళిదో, బారసాలదో, అమెరికాలో ఉన్న కొడుకు పంపిన మనవడి పుట్టినరోజుదో ఒక క్యాసెట్ ఉండే ఉంటుంది. టేపు ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది కాబట్టి కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తారు. డబ్బా మీద రాసింది చూసి అది ఏ పద్ధతో తేల్చకండి, ఎక్కడ తీశారో గుర్తుతెచ్చుకుని దుకాణంవాళ్ళకు ముందే చెప్పండి. ఇక్కడ తీసిందైతే సెకనుకు 25 బొమ్మలని పెట్టమనండి. అమెరికాలో తీసిందైతే 29.97. అతను తేలిగ్గా తీసుకుని 30 పెడతానంటే ఒప్పుకోకండి. ఆ వెయ్యోవంతు 1953 నాటిది. గంట క్యాసెట్ చివరికొచ్చేసరికి మనవడి పెదవులకూ మాటలకూ మధ్య మూడున్నర సెకన్లు ఎడం వస్తుంది.